చూసే మనిషి లేని ఆట

రోజీన్ రూబోకి కూర్చోవడం చేతకాదు. పాలు తాగే వయసులో కూడా ఒళ్ళో నిలిచేది కాదని వాళ్ళమ్మ చెప్పేది. ఆ ఉదయం ఆస్పత్రి నడవాలో గోడవార వేసిన కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఆమె మాత్రం ఈ చివర కిటికీ నుంచి ఆ చివర లిఫ్టు దాకా, లిఫ్టు నుంచి మళ్ళీ కిటికీ దాకా తిరుగుతూనే ఉంది. నడిచినప్పుడల్లా భుజాన వేలాడే గుడ్డసంచిలోంచి ఇనుము ఇనుముకి తగిలి టక్కుమంటోంది.

"అమ్మా, కాస్త ఒకచోట కూర్చోండి. మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది బల్ల దగ్గరి నర్సు.

"ఎంతసేపు పడుతుందమ్మా?"

"ఇప్పుడేగా చెప్పాను. గుండె ఆపరేషను. మధ్యాహ్నం దాటుతుంది. మీరు గుమ్మం ముందు కాపలా ఉన్నంత మాత్రాన త్వరగా అవదు."

లోపల ఉన్నది ఆమె మొగుడు గ్రాసియన్. పొద్దున్నే తోపుడు మంచం మీద తీసుకుపోతుంటే, తలుపు దగ్గర ఒక్క క్షణం ఆపమని, భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడే పడి ఉండి ఈ నర్సు పిల్లల ప్రాణం తియ్యకు. కింద పార్కులో గుండ్ల చప్పుడు వినిపించింది. దిగి ఆడుకో పో," అన్నాడు.

"నీకు మతిగాని పోయిందా? నువ్వు లోపల ఉంటే నేను ఆడుకుంటానా?"

"ఆడకపోతే ఏం చేస్తావ్? తలుపు పగలగొడతావా?"

అంతే, తలుపులు మూసుకున్నాయి. రాత్రి ఆయన పైజమాలు, సబ్బు సర్దుతూ, అలవాటుకొద్దీ తన గుండ్ల సంచి కూడా భుజాన వేసుకొచ్చేసింది. ఆ సంగతి ఆస్పత్రికి వచ్చాకగానీ ఆమెకే తెలియలేదు.

మార్సెయ్‌లో పెటాంక్, అదే ఇనప గుండ్ల ఆట, ఆడని వీధి ఉండదు. కాని రోజీన్ వయసులో ఉన్నప్పుడు ఆడవాళ్ళు ఆడే వీధి ఒక్కటీ లేదు. బెల్ ద మే పేటలో, ఇటలీ నుంచి వలస వచ్చిన తాపీవాడి ఇంట్లో పుట్టింది. పదహారో ఏట చక్కెర మిల్లులో బస్తాలు కుట్టే పనికి చేరింది. మధ్యాహ్నం గంట కొట్టగానే మగవాళ్ళు మిల్లు గోడ పక్క కంకర నేల మీద గుండ్లు విసిరేవాళ్ళు. ఆడవాళ్ళు మెట్ల మీద కూర్చుని రొట్టె తినేవాళ్ళు. రోజీన్ నిలబడి తినేది. కొన్నేళ్ళకి ఒకరోజు, ఉత్తరం నుంచి హోరెత్తే మిస్త్రాల్ గాలికి అందరి విసుర్లూ పక్కకి పోతుంటే, పక్కనున్నవాడి చేతిలోంచి గుండు లాక్కుని ఒకటి విసిరింది. అవతలివాళ్ళ గుండు ఎగిరి గోడకి కొట్టుకుంది. దాని స్థానంలో ఈమె గుండు కూర్చుంది.

"కాకతాళీయం," అన్నాడొకడు.

"మీ వంటింట్లో గిరి గీసుకుని ఆడుకో తల్లీ," అన్నాడు ఇంకొకడు.

రేవులో పనిచేసే ఒక పొడుగాటి కుర్రాడు మాత్రం, అన్నని చూడ్డానికి వచ్చినవాడు, గోడ దిగి దగ్గరికి వచ్చి, "ఇంకోసారి కొట్టు," అన్నాడు. ఇంకోసారి కొట్టింది. ఇంకోసారి తగిలింది. ఆ ఏడాది చివర్లో వాళ్ళ పెళ్ళయింది.

గ్రాసియన్ తన జన్మలో ఒక్క గుండు ముట్టుకోలేదు. ఎవరైనా అడిగితే, "అందరూ ఆడుతుంటే చూసేదెవరయ్యా?" అనేవాడు. రేవులో ఆయన పని కూడా చూడ్డమే. ఓడ మీద నిలబడి, పైన క్రేను గదిలో కూర్చున్నవాడికి చేతులతో సైగలు చేసేవాడు. కొంచెం ఎడమకి, ఆగు, దించు, నెమ్మదిగా. అవే సైగలు ఆటలోకీ వచ్చాయి. ఆట స్థలం చివర మడతకుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అరచెయ్యి కిందికి చూపిస్తే గుండుని గురి దగ్గర నెమ్మదిగా పెట్టమని. వేలు తిప్పితే ఎదుటివాళ్ళ గుండుని కొట్టి తరమమని. రోజీన్ గిరిలో రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, ముందు గుండు వైపు చూసేది కాదు. మొగుడి చెయ్యి వైపు చూసేది. చూశాక విసిరేది.

"మీరిద్దరు ఆడుతున్నారు, మేం ఒక్కళ్ళం ఆడుతున్నాం," అని ఎదుటివాళ్ళు గొణిగేవాళ్ళు.

"మీ ఆవిణ్ణి కూడా తెచ్చుకుని కూర్చోబెట్టుకో, ఎవడొద్దన్నాడు!" అనేది రోజీన్.

అలా ముప్పై ఏళ్ళ పైమాట గడిచింది. పిల్లలు లేరు. మిల్లు మూతపడింది, రేవులో క్రేన్లు మారిపోయాయి. గ్రాసియన్ పింఛను తీసుకున్నాడు. పోయిన చలికాలంలో మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని, "బూటు లేసు ఊడింది," అన్నాడు. వంగి చూస్తే లేసు ఊడలేదు. గుండెలో ఒక కవాటం గట్టిపడిందన్నారు డాక్టర్లు.

నర్సు మూడోసారి తలెత్తి చూసేసరికి రోజీన్ ఇక ఉండలేకపోయింది. "కిందికి వెళ్ళి వస్తా. ఏదన్నా కబురుంటే..."

"ఉంటే చెప్తాం. వెళ్ళండి."

పార్కు ఆస్పత్రి గేటుకి ఎదురుగానే, వాలులో ఉంది. బెరడు పెచ్చులుగా ఊడే పెద్ద ప్లాటాన్ చెట్లు, కింద కంకర నేల, ఒక పక్క ఆకుపచ్చ రంగు చెక్క గది. ముగ్గురు ముసలివాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆడటం లేదు, తిట్టుకుంటున్నారు. నాలుగోవాడు రాలేదట.

"వాడికి నడుం పట్టిందా, వాళ్ళావిడ పట్టిందా?" అంటున్నాడు టోపీ పెట్టుకున్న బక్కవాడు. అతను తితాన్, ఒకప్పుడు ట్రాము నడిపేవాడు. పక్కన చెప్పులు కుట్టే హగోప్, నవ్వడమనేది తెలియని అర్మేనియా మొహం. మూడో ఆయన మొక్తార్, అల్జీరియా నుంచి చిన్నప్పుడే వచ్చి ఈ ఊరి సగం గోడలు కట్టిన తాపీమేస్త్రీ. అతని అరచేతిలో గుండు నిమ్మకాయలా కనిపిస్తోంది.

రోజీన్ భుజాన సంచి టక్కుమంది. ముగ్గురూ తిరిగి చూశారు.

"ఏమ్మా, ఆ సంచిలో ఉన్నవి గుండ్లా, బంగాళాదుంపలా?" అన్నాడు తితాన్.

"ఓడాక నువ్వే చెబుదువుగాని."

"అబ్బో! ఒరే మొక్తార్, నీకు జోడీ దొరికింది. పెడతావా, కొడతావా అమ్మా?"

"కొడతాను."

"కొడుతుందట!" తితాన్ టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "హగోప్, నీ గుండ్లకి వీడ్కోలు చెప్పుకో."

హగోప్ గిరి గీశాడు. తితాన్ చిన్న చెక్కగోళీని విసిరాడు. దాన్ని ఇక్కడివాళ్ళు పందిపిల్ల అంటారు. ఎవరి గుండు దానికి దగ్గరగా ఉంటే వాళ్ళకి పాయింటు. పదమూడు ముందు ఎవరు చేరితే వాళ్ళది ఆట.

హగోప్ మొదటి గుండు పందిపిల్లకి ఆనుకుని ఆగింది. కొట్టాల్సిందే. రోజీన్ గిరిలో నిలబడింది. పాదాలు సర్దుకుంది. తలెత్తి ఆట స్థలం చివరికి చూసింది. అక్కడ ఒక చెత్తబుట్ట ఉంది. దాని మీద పావురం ఉంది.

విసిరింది. గుండు మూరెడు ఇవతలే పడి పక్కకి దొర్లిపోయింది.

"చెయ్యింకా వేడెక్కలేదు," అన్నాడు మొక్తార్ మర్యాదగా.

రెండోది మీదుగా పోయింది. మూడోది మొక్తార్ పెట్టిన మంచి గుండుకే తగిలి దాన్ని తరిమేసింది. తితాన్ చప్పట్లు కొట్టాడు. "బాగా కొడతానంది గాని, ఎవర్ని కొడతానో చెప్పలేదు చూశారా! ఆవిడ అబద్ధం ఆడలేదు!"

పాయింట్లు లెక్కపెడుతుండగానే రోజీన్, "ఒక్క నిమిషం," అని గేటు వైపు పరిగెత్తింది. రోడ్డు దాటి, లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కి, నడవా చివరికి వెళ్ళింది. నర్సు అడక్కుండానే తల అడ్డంగా ఊపింది. మళ్ళీ దిగి వచ్చేసరికి చెమటలు పట్టాయి.

తర్వాతి విడతా అంతే. గిరిలో నిలబడటం, చివర ఎవరూ లేని చోటు చూడటం, చెయ్యి ఎప్పుడు వదలాలో తెలియకపోవడం. ముప్పై ఏళ్ళుగా తన చేతిదే అనుకున్న ఆటలో సగం తనది కాదేమోనన్న అనుమానం పట్టుకుంది. ఆ అనుమానాన్ని వదిలించుకుందామని ఇంకా గట్టిగా విసిరింది. గుండు పొదల్లోకి పోయింది. హగోప్ వెళ్ళి వెతికి తెచ్చి, రుమాలుతో తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"ఒక్క నిమిషం," అని మళ్ళీ పరిగెత్తింది.

ఆమె తిరిగి వచ్చేసరికి తితాన్ బెంచీ మీద కూర్చున్న ఒక ముసలమ్మతో గుసగుసలాడుతున్నాడు. అతని గుసగుస పార్కంతా వినిపిస్తుంది. "షుగరుంటుంది పాపం. మా వదినకీ ఇంతే, పావుగంటకోసారి వెళ్ళాలి. అయినా ఆ వయసులో ఆ పరుగేంటి, మేక పిల్లలా!"

మొక్తార్‌కి మాత్రం ఓపిక పోతోంది. "అమ్మా, మీరు ఇక్కడ లేరు. చెయ్యి ఇక్కడుంది, మనిషి లేదు. ఏం ఆలోచిస్తున్నారో పక్కన పెట్టి ఒక్క గుండు, ఒక్కటి, దాని మీద వెయ్యండి."

"వేస్తున్నాగా!"

"పావురాలకి వేస్తున్నారు."

ఎండ నెత్తిమీదికి వచ్చింది. మొక్తార్ చివరి గుండు పందిపిల్లకి జానెడు దూరంలో ఆగిపోవడంతో ఆట ముగిసింది. పదమూడు, సున్నా.

తితాన్ ఒక్క గెంతు గెంతి చెక్క గదిలోకి దూరాడు. లోపల్నుంచి చేతిగంట మోత మొదలైంది. బెంచీల మీదివాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, పేపరు చదివేవాళ్ళు అందరూ లేచి వచ్చారు. ఒక్క పాయింటూ లేకుండా ఓడినవాడు ఫానీ వెనకభాగానికి ముద్దు పెట్టాలి. అది ఇక్కడి ఆనవాయితీ. ఫానీ అంటే గోడకి తగిలించిన రంగుల మట్టిబొమ్మ. లంగా ఎత్తి, వీపు మనవైపు పెట్టి నిలబడి ఉంటుంది. మామూలప్పుడు దాని ముందు చిన్న తెర వేసి ఉంచుతారు.

తితాన్ తెర లాగాడు. "దేశప్రజలారా! ఇవాళ ఇద్దరు!"

మొక్తార్ పెద్దమనిషిలా మోకాలు వంచి, ముద్దు పెట్టి, మీసం తుడుచుకుంటూ లేచాడు. జనం నవ్వారు. రోజీన్ కూడా నవ్వుతూనే మోకరిల్లింది. ముప్పై ఏళ్ళలో ఎంతమందిని ఇలా మోకరిల్లబెట్టిందో! ముద్దు పెట్టింది. పెట్టి, నుదురు ఆ చల్లటి బొమ్మకి ఆనించి, అలాగే ఉండిపోయింది.

"అమ్మా, ముద్దన్నాం గాని కాపురం చెయ్యమన్లేదు!" అన్నాడు తితాన్. నవ్వులు పెద్దవయ్యాయి. రోజీన్ లేవలేదు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందనుకున్నారు మొదట.

హగోప్ ముందుకు వచ్చి చెయ్యి అందించాడు. "ఏమైంది?"

"మా ఆయన్ని కోస్తున్నారు పైన," అంది రోజీన్. "పొద్దుటి నుంచి."

"ఎక్కడ పైన?"

ఆమె తలుపులోంచి, రోడ్డు అవతల ఆస్పత్రి కిటికీల వైపు చూపించింది. తితాన్ చేతిలో గంట ఊగడం ఆపేసింది. టోపీ తీసేశాడు. బట్టతల మీద చెమట మెరుస్తోంది.

"మరి ఇందాకటి నుంచి నువ్వు పరిగెత్తింది..."

"మరేమనుకున్నారు?"

"ఇతగాడు నీకు షుగరని తేల్చేశాడు," అన్నాడు హగోప్.

"ఇలాంటి రోజున ఆటకొచ్చావేంటమ్మా, చెప్పొద్దా? చెబితే మేం... ఛ!" తితాన్ తన టోపీతో తన తొడనే కొట్టుకున్నాడు.

"కూర్చోలేక," అంది రోజీన్.

మొక్తార్ ఆమె సంచి తన భుజాన వేసుకున్నాడు. "పదండి," అన్నాడు. నలుగురూ రోడ్డు దాటారు.

నర్సు వాళ్ళని చూసి లేచి నిలబడింది. "వీళ్ళంతా ఎవరు?"

"మా అన్నదమ్ములు," అంది రోజీన్.

నర్సు ఒక్కొక్కరినే పరకాయించి చూసింది. "ముగ్గురూనా?"

"తల్లులు వేరమ్మా," అన్నాడు తితాన్ వినయంగా.

ఆ మధ్యాహ్నం నడవాలో రోజీన్ ఒక్కతే తిరగలేదు, నలుగురూ తిరిగారు. తితాన్ జేబులోంచి పందిపిల్ల తీసి నున్నటి నేల మీద దొర్లించాడు. అది లిఫ్టు దాకా పోయి వెనక్కి వచ్చింది. నర్సు వచ్చి చెయ్యి చాచింది. బడిపిల్లాడిలా ఇచ్చేశాడు. హగోప్ సంచి తెరిచి రోజీన్ గుండ్లు ఒక్కొక్కటే రుమాలుతో తుడిచాడు, మెరిసేదాకా. మొక్తార్ ఎక్కణ్ణుంచో రొట్టె, ఆలివ్‌లు తెచ్చాడు. ఎవరూ ముట్టలేదు.

డాక్టరు బయటికి వచ్చాడు. రక్తం ఆగడం లేదని, మళ్ళీ తెరవాల్సి వచ్చిందని చెప్పాడు. వెంటనే లోపలికి వెళ్ళిపోయాడు.

"మళ్ళీ అంటే?" అని రోజీన్ మూసుకున్న తలుపుని అడిగింది. "మళ్ళీ అంటే ఏంటి?"

కిటికీలో ఎండ పసుపుగా మారి, గోడ మీంచి జారి, నేల మీద పడింది. కింద పార్కులో ఎవరో ఆడుతున్నారు. టక్కుమని ఒక చప్పుడు, ఆ వెంటనే కేకలు. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా నలుగురి తలలూ ఒకేసారి కిటికీ వైపు తిరుగుతున్నాయి, ఒకేసారి సిగ్గుపడి మళ్ళీ తలుపు వైపు తిరుగుతున్నాయి.

దీపాలు పెట్టే వేళకి డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి ఉంది. గ్రాసియన్ బతికాడు.

ఆమెను ఒక్కదాన్నే లోపలికి పంపారు. నోట్లో గొట్టం, ఛాతీ మీద పట్టీలు. కుడిచెయ్యి సూదితో సహా పలక్కి కట్టి ఉంది. రోజీన్ ఆ చెయ్యి వైపే చూస్తూ నిలబడింది. ఒక వేలు కదిలితే చాలు. అరచెయ్యి కొంచెం కిందికి వంగితే చాలు. చాలాసేపు చూసింది. ఏమీ కదల్లేదు. నర్సు వచ్చి భుజం తట్టి బయటికి తీసుకొచ్చింది. ఆ రాత్రి మొక్తార్ బస్సులో ఆమెతో పాటు ఇంటి మలుపు దాకా వచ్చి, "రేపు," అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు.

గ్రాసియన్‌కి తెలివి వచ్చింది, గొట్టం తీశారు, తిట్టడం కూడా మొదలుపెట్టాడు. రోజీన్‌కి కాస్త ఊపిరాడింది. కాని ఒక మధ్యాహ్నం పళ్ళెం పక్కకి నెట్టి, "ఇదేం ఆస్పత్రే, సగం భోజనమే పెడుతున్నారు," అన్నాడు.

పళ్ళెంలో కుడివైపు కూర ఊడ్చినట్టు ఖాళీ. ఎడమవైపు బంగాళాదుంపలు ముట్టనైనా లేదు. రోజీన్ పళ్ళేన్ని నెమ్మదిగా తిప్పింది.

"ఇదుగో, ఇప్పుడు తెచ్చారు," అన్నాడు ఆయన, చెంచా తీసుకుంటూ.

ఆపరేషనులో చిన్న రక్తపు గడ్డ ఒకటి మెదడుకి పోయిందని తర్వాత చెప్పారు. ఎడమవైపు లోకం ఆయన చూపులోంచి పోయింది. రావచ్చు, రాకపోవచ్చు.

ఇంటికి వచ్చాక తలుపు రెక్కలకి గుద్దుకోవడం, ఎడమ పక్క నిలబడి మాట్లాడితే ఉలిక్కిపడటం. ఆయన విసుక్కునేవాడు. రోజీన్ ఆటకి వెళ్ళడం మానేసింది. మానేసి ఊరుకుందా? వంటగదిలోంచి వసారాలోకి, వసారాలోంచి వంటగదిలోకి. తుడిచిన అద్దమే మళ్ళీ తుడవడం. మందులు ఇచ్చి, ఇచ్చానో లేదో అని మళ్ళీ సీసా తీసి చూడటం.

"గుండ్లు తీసుకుని ఎక్కడికైనా పోవే. నువ్వు తిరుగుతుంటే నా కుట్లు ఊడేలా ఉన్నాయి."

"నువ్వు చూడకుండా ఆడితే ఏమైందో తెలుసుగా. ఫానీకి ముద్దు పెట్టాను."

"ఒక్కరోజు పెట్టావ్. దానికి జన్మంతా వ్రతం పడతావా? సగం కనిపించని వాణ్ణి నేనే బయటికి పోదాం అంటున్నాను, నీకేం రోగం?"

జూన్‌లో తితాన్ ఫోను చేశాడు. పార్కులో పోటీ ఉందట, జోడీలు. "మొక్తార్ నీ పేరు ఇచ్చేశాడమ్మా. నన్ను తిట్టకు, నేను వద్దనే అన్నాను. నిన్ను ఎదిరించే ధైర్యం నాకు లేక కాదు, ఫానీ బొమ్మకి రంగు పోతుందని!"

ఆదివారం బస్సులో వెళ్ళారు. గ్రాసియన్ ఆట స్థలం చివర కుర్చీ వేసుకుని, రెండు నిమిషాలు కూర్చుని, లేచి కుర్చీ జరిపాడు. మళ్ళీ లేచి జరిపాడు. ఆటంతా కుడివైపుకి వచ్చేలా ఎడమ మూలకి పోవాలని ఆయనకే తట్టింది. అక్కడ హగోప్ నిలబడి ఉన్నాడు.

"కాస్త జరగవయ్యా, ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నాను నేను," అన్నాడు గ్రాసియన్.

"ఇక్కడ నిన్ను ఇవాళే చూస్తున్నాను," అన్నాడు హగోప్, కాని జరిగాడు.

మొదటి ఆట సునాయాసంగా గెలిచారు. రెండోది రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళతో పడింది. చొక్కాలు ఒకే రంగువి, విసుర్లు ఒకే తీరువి. ఒక దశలో రోజీన్ గిరిలో నిలబడి చూసేసరికి గ్రాసియన్ వేలు తిప్పుతున్నాడు. కొట్టమని. ఆమెకి చెయ్యి లేవలేదు. కుర్రాళ్ళ గుండుకి, ఆయన ఎడమవైపున, మొక్తార్ గుండు ఆనుకుని ఉంది. కొడితే రెండూ పోతాయి. కుర్చీ ఎంత జరిపినా ఆ రెండోది ఆయనకి కనిపించడం లేదు.

ఆయన మళ్ళీ వేలు తిప్పాడు, విసుగ్గా.

ఇన్నేళ్ళలోనూ రోజీన్ ఆ చేతి మాట దాటలేదు. చూపు తిప్పుకుని, మోకాళ్ళు వంచి, గుండుని నెమ్మదిగా దొర్లించి పెట్టింది. అది కంకర మీద తడబడుతూ పోయి పందిపిల్లని ఆనుకుంది.

"ఏం చేశావే!" అని అరిచాడు గ్రాసియన్. మొక్తార్ ఆయన దగ్గరికి వెళ్ళి వంగి ఏదో చెప్పాడు. గ్రాసియన్ తల బాగా ఎడమకి తిప్పి చూశాడు. చూసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ తర్వాత సైగ చెయ్యలేదు.

అది రోజీన్‌కి ఇంకా కష్టమైంది. తిడితే బాగుండేది. ఒక్కో గుండుకీ మధ్య గిరి చుట్టూ తిరిగింది, సంచి సర్దింది, విప్పింది. పాయింట్లు పోయాయి, వచ్చాయి, మళ్ళీ పోయాయి. వీళ్ళకి పన్నెండు, కుర్రాళ్ళకి పదకొండు ఉన్నప్పుడు, మొక్తార్‌కి గుండ్లు అయిపోయాక, ఆమె చేతిలో ఒక్కటి మిగిలింది. కుర్రాళ్ళ గుండు పందిపిల్ల పక్కన నిగనిగలాడుతోంది. దాని వెనకే మొక్తార్‌ది. దాన్ని కొట్టేస్తే పాయింటు మొక్తార్‌దే, ఆట వీళ్ళదే.

గిరిలో నిలబడి, అలవాటు పోక, మూలకి చూసింది. గ్రాసియన్ తల ఛాతీ మీదికి వాలిపోయి ఉంది.

రోజీన్ గిరి దాటింది.

"అమ్మా! ఎక్కడికి? నిమిషం దాటితే గుండు పోతుంది!" అని అరిచాడు పంచాయతీ చెప్పే పెద్దమనిషి. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తితాన్ రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. ఆమె ఆట స్థలం పొడుగునా పరిగెత్తి, మొగుడి ముందు వంగి, చెంప ఆయన ముక్కు దగ్గర పెట్టింది. వెచ్చగా ఊపిరి తగిలింది. సన్నగా గురక కూడా.

గ్రాసియన్ కళ్ళు తెరిచాడు. "ఏంటి? ఓడిపోయావా?"

"ఇంకా లేదు."

"మరి ఇక్కడేం చేస్తున్నావ్?"

"ఏం లేదు, పడుకో."

మళ్ళీ పరిగెత్తుకొచ్చి, గిరిలో పాదాలు పెట్టి, ఊపిరి కుదురుకోకముందే విసిరేసింది. టక్కుమంది. కేకలు లేచాయి. మొక్తార్ ఆమెను అమాంతం ఎత్తేశాడు. "దించవయ్యా, పడేస్తావ్!" అంటోంది గాని ఏం జరిగిందో ఆమెకి సరిగా తెలియనే లేదు.

తర్వాతి ఆట ఓడిపోయారు, అదీ బాగా ఓడిపోయారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రం చెట్ల కింద బల్ల మీద శనగపిండి పనీస్ ముక్కలు వేడివేడిగా వచ్చాయి. గ్లాసుల్లో నీళ్ళు పోస్తే తెల్లబడే సోంపు మందు వచ్చింది. గ్రాసియన్‌కి ఉత్త నీళ్ళే.

"ఆ చివరి గుండు ఎలా పడింది?" అన్నాడు ఆయన.

"నేరుగా నుదుటి మీద!" అన్నాడు తితాన్.

"కాదు, నేలకి తగిలి లేచి కొట్టింది," అన్నాడు హగోప్.

"ఇద్దరూ గుడ్డివాళ్ళే. పక్కకి తగిలింది, మన అదృష్టం కొద్దీ అవతలికి పోయింది," అన్నాడు మొక్తార్.

ముగ్గురూ లేచి, కంకర మీద వేళ్ళతో గీతలు గీస్తూ కొట్లాటకి దిగారు. గ్రాసియన్ వాళ్ళనొదిలేసి భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఎలా పడింది?"

రోజీన్ పనీస్ ముక్క చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. "నాకేం తెలుసు? వదిలేశాక నేనెప్పుడు చూశాను!"

"ఇన్నేళ్ళూ?"

"నువ్వు చూస్తున్నావుగా అని చూళ్ళేదు."

గ్రాసియన్ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టాడు. "అయితే ఇక చూడటం మొదలుపెట్టు. నాకు చెప్పాలిగా."

ఆ వారంలోనే ఒకరోజు, ఆయన్ని ఆస్పత్రిలో కళ్ళ డాక్టరు గది ముందు కూర్చోబెట్టి, ఆమె రోడ్డు దాటి పార్కులోకి వెళ్ళింది. ఆడటానికి కాదు. తితాన్, హగోప్ ఎవరితోనో ఆడుతున్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, ఆట మొదటి నుంచి చివరిదాకా చూసింది. మధ్యలో రెండుసార్లు గేటు దాకా వెళ్ళొచ్చిందనుకోండి. తిరుగు బస్సులో మొగుడికి ఆటంతా చెప్పింది. ఎవరి గుండు ఎవరిదో కలిపేసింది, పాయింట్లు తప్పు చెప్పింది, తితాన్ విసిరింది హగోప్ విసిరాడంది. గ్రాసియన్ కిటికీ పక్క కూర్చుని అన్నీ విన్నాడు. "ఆగు, ఆగు, మళ్ళీ మొదట్నుంచి చెప్పు," అన్నాడు.